రెండు ఎడమ చేతులు

కర్... కర్... కర్...

బల్ల మీద కత్తెర నడిచే చప్పుడు. కిటికీలోంచి పొద్దుటి వెలుగు బల్ల మీద వాలేది. గాలి వచ్చి బట్ట అంచు లేపబోతే మా అక్క మోచేత్తో అణిచేది. అణిచి, మళ్ళీ — కర్... కర్...

వాన రోజైనా అంతే. ఎండ రోజైనా అంతే.

ఆ చప్పుడు ఒక పొద్దున ఆగిపోయింది.

కత్తెర పాడై కాదు. కత్తెర అక్క చేతిలోనే ఉంది, నోరు తెరుచుకుని. కింద బట్ట ఉంది. బట్ట మీద సుద్ద గీత ఉంది. అన్నీ ఉన్నాయి. కత్తెర మాత్రం కిందికి రావడం లేదు.

మిషను ఆపి, "అక్కా?" అన్నాను.

"దిగడం లేదే," అంది. "చెయ్యి దిగడం లేదు."

ముఖం తెల్లగా పాలిపోయింది. పై పెదవి మీద చెమట. ఊపిరి లోపలికి వెళ్ళడం లేదు, గొంతు దగ్గరే ఆగి తిరిగి వస్తోంది. కాళ్ళూ చేతులూ ఆడటం లేదు అని మాటవరసకి అంటూ ఉంటాం కదా... ఆ మాట ఆ పొద్దున నా ఎదురుగా నిలబడింది. కత్తెర పట్టుకుని మరీ.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు. తోటికోడలు. మా బావగారి భార్య. ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చాం, ఒకే ముందుగదిలో కుట్టుపని పెట్టుకున్నాం. ఆమె కత్తిరిస్తుంది. నేను కుడతాను. తోటికోడళ్ళిద్దరూ ఒకే గదిలోనా, అదీ మధ్యన కత్తెర పెట్టుకునా, చూద్దాం ఎన్నాళ్ళో అని వీధిలో నవ్వుకున్నారు. నవ్వుకోనీ. ఆ నవ్విన వాళ్ళ బట్టలన్నీ చివరికి మా బల్ల మీదికే వచ్చాయి.

చెయ్యి తిరిగిన మనిషి మా అక్క. మనిషి గుమ్మంలోంచి లోపలికి వచ్చేలోపే కొలత చూపుతోనే తీసేసుకుంటుంది. టేపు పట్టేది మర్యాద కోసం.

ఆమెకొక మాట ఉంది.

ఎందుకైనా మంచిది.

నడుం దగ్గర లోపల కాస్త బట్ట ఎక్కువ వదిలేది — ఎందుకైనా మంచిది. చంకల దగ్గర వదిలేది — ఎందుకైనా మంచిది. అంచు మడతలో వేలెడు సరిపోయేచోట జానెడు దాచేది. కొన్నాళ్ళకి మనిషి లావైతే కుట్టు విప్పుకోవచ్చు, పొడుగైతే అంచు దించుకోవచ్చు. ఆవిడ చేతికి ఎముక లేదమ్మా అని మెచ్చుకునేవారు. మా వీధి వీధంతా అక్క వదిలిన బట్టలో నిశ్చింతగా లావైంది.

బట్టతో ఆగితే బాగుండేది.

ఇంటికి తాళం వేసి లాగి చూసేది. మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ లాగి చూసేది. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసేది. తీసిన ప్లగ్గు వంక చూసేది. ఆ పైన నన్ను చూడమనేది. "చూడవే, తీశానా?" తీశావక్కా. "సరిగ్గా చూడు." సరిగ్గా చూడ్డానికి ఏముంటుంది... గోడకి ఒకటి, చేతిలో ఒకటి. అయినా చూసేదాన్ని. ప్రతి ముక్కా కత్తిరించాక కూడా అంతే. చూడవే, సరిగ్గా ఉందా? ఉందక్కా. ఇంకోసారి చూడవే. నీకెందుకక్కా అంత కంగారు, అనేదాన్ని.

జాగ్రత్త మనిషి అన్నారందరూ.

ఆ జాగ్రత్త కింద ఏముందో ఎవరికీ కనిపించలేదు. నవ్వుతూ కొలతలు తీసుకునే మనిషికి లోపల గుండె దడదడా కొట్టుకుంటుందని, కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగదని, పడుకుంటే కన్ను అంటుకోదని... ఎవరికి తెలుసు? ఒకసారి నాతోనే అంది, "ఏదో అవుతుందే" అని. ఏమవుతుందక్కా అన్నాను. "అది తెలిస్తే భయమెందుకే?" అంది.

ఆ ఏదో... ఆ పొద్దున అయ్యింది. కత్తెర మీద అయ్యింది.

*

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. అంతా వింది. మధ్యలో ఒక్కసారి కూడా గడియారం వైపు చూడలేదు. అప్పుడు చెప్పింది, ఇది ఆందోళన అని, జబ్బేనని, జలుబు లాగే, కీళ్ళనొప్పి లాగే జబ్బేనని. ఆమె తప్పు కాదని, ఆమె స్వభావమూ కాదని.

అక్క కళ్ళు నిండాయి. "ఇన్నాళ్ళూ ఇది నేనే అనుకున్నానండీ," అంది.

నా పైట కొంగు ఆమె చేతికి ఇచ్చాను.

మందు రాసిచ్చింది డాక్టరమ్మ. ముందు సగం మాత్ర. పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోపు కడుపులో తిప్పుతుంది, చెయ్యి వణకొచ్చు, ఆవలింతలు రావచ్చు, తల మబ్బుగా ఉండొచ్చు. ఉన్న దడ ముందు కాస్త పెరిగినట్టు కూడా ఉంటుంది. "భయపడకండి. మీ అంతట మీరు మాత్రం ఆపెయ్యొద్దు. ఎక్కువగా అనిపిస్తే నాకు ఫోన్ చెయ్యండి."

బయటికి రాగానే అక్క మెట్ల మీద ఆగింది.

"భయానికి మందు ఇచ్చి భయపడకండి అంటుందేంటే ఈవిడ? అదే చేతనైతే ఈవిడ దాకా ఎందుకొస్తాను?"

ఇద్దరం నవ్వాం. మెట్ల మీద కూర్చుని మరీ నవ్వాం. లోపలికి వెళ్ళే వాళ్ళు మమ్మల్ని తప్పుకుని వెళ్ళారు. భయం నిండా ఉన్న మనిషి అంత జోకు వెయ్యగలదని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది.

"మాత్రలా? మనసుకి మాత్రలా? చోద్యం కాకపోతే! పనిలో పడితే అవే పోతాయి."

పని... పనిలో మునిగి పైకి తేలని మనిషికి చెప్పింది ఆ మాట. అక్క తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. గ్లాసులో నీళ్ళు పోసుకుంది. మాత్రని సగానికి విరిచింది. విరిస్తే సమంగా విరగలేదు. కాసేపు రెండు ముక్కలనీ పక్కపక్కన పెట్టి చూసింది. కొలతల మనిషి కదా, ప్రాణం ఒప్పదు.

"పెద్ద ముక్క వేసుకోనా, చిన్నదా?"

"ఏదో ఒకటి వేసుకో తల్లీ," అన్నాను.

వేసుకుంది.

*

ఇక మొదలైంది.

మొదట కడుపు. తినబోతే తిప్పేది, తినకపోతే ఇంకా తిప్పేది. ఎండు బిస్కెట్టు కొరుక్కుంటూ, అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని బల్ల దగ్గర నిలబడేది. "కడుపుతో ఉన్నప్పుడు కూడా ఇంత లేదే," అనేది. బావగారు పొద్దున్నే టీ కప్పు పట్టుకుని వెనకాలే తిరిగేవారు. ఆయన మాట్లాడే మనిషి కాదు. కప్పుతో తిరగడమే ఆయన మాట్లాడటం.

తర్వాత ఆవలింతలు.

ఆవలింతలంటే మామూలువి కావు. నిద్ర రాకుండా వచ్చేవి. దవడలు పట్టేసేంత పెద్దవి. వీధి చివర బేకరీ నడిపే ఆవిడ కొలతలిస్తూ తన మోకాలి ఆపరేషను సంగతి చెబుతోంది. పాపం, మంచి కష్టమైన చోటికి వచ్చింది కథ. సరిగ్గా అక్కడ అక్క నోరు తెరిచింది... తెరుస్తూనే ఉంది.

"విసుగ్గా ఉందా అమ్మా?" అంది బేకరీ ఆవిడ.

"అయ్యో, లేదండీ! చెప్పండి, వింటుంటే చాలా బాధగా..." అని ఆ బాధ మధ్యలోనే ఇంకొకటి ఆవలించింది.

నా నోట్లో గుండుసూదులు. నవ్వితే ప్రాణం పోతుంది. మిషను కిందికి వంగి, లేని దారం ముక్కలు ఏరుకున్నాను.

ఆ తర్వాత వణుకు.

చేతికి పట్టింది. పెద్ద వణుకేం కాదు. గిన్నెలో నీళ్ళు, పక్కన ఎవరో నడిస్తే కదిలినట్టు. సూదిలో దారం ఎక్కేది కాదు. సుద్ద గీత గీస్తే అంచు బొచ్చుపట్టినట్టు వచ్చేది. అక్క తన చెయ్యిని తనే ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకునేది... కొత్తగా ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు.

దడ? అది తగ్గకపోగా పెరిగింది. డాక్టరమ్మ చెప్పినట్టే. పొద్దున లేవగానే గుండె గుబగుబలాడేది. కారణం ఉండేది కాదు. కారణం లేకపోవడమే ఒక కారణమయ్యేది.

అయినా లేచేది. అయినా ముఖం కడుక్కునేది. అయినా సగం మాత్ర, గ్లాసు నీళ్ళు.

నేనైతే మొదటిరోజే కిటికీలోంచి విసిరేసేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.

*

అప్పుడే పాటల టీచరు వచ్చింది.

ఏళ్ళ తరబడి పిల్లలకి పాటలు నేర్పిన మనిషి. ఎవరెవరినో వేదిక ఎక్కించి, తను కింద నిలబడి చప్పట్లు కొట్టిన మనిషి. ఇప్పుడు మొదటిసారి తనే ఎక్కి పాడబోతోంది. పొడుగు చేతుల గౌను కావాలంది. బట్ట తెచ్చింది. చీకటి పడబోయే ఆకాశం రంగు నీలం, ఒకవైపు మెరుపు, రెండోవైపు మెరుపు లేని మొద్దు. తానులో ఆఖరి ముక్కట. అంగుళం ఎక్కువ లేదు.

ఎక్కువ లేని బట్ట అక్కకి ఎప్పుడూ పడదు. ఎందుకైనా మంచిది అనడానికి అందులో చోటుండదు.

కత్తెర ఎలాగో మళ్ళీ దిగుతోంది. గౌను ఒళ్ళు బాగానే కత్తిరించింది. మిగిలింది చేతులు. మామూలుగా బట్ట మడతపెట్టి కత్తిరిస్తాం, ఒక్క కోతకి రెండు చేతులూ వస్తాయి, కుడిదీ ఎడమదీ. మడతపెట్టడానికి ఆ ముక్కలో చోటు లేదు. ఒక్కొక్కటే కత్తిరించాలి. ఒకటి కత్తిరించాక కాగితం నమూనాని తిరగేసి పెట్టి రెండోది కత్తిరించాలి.

తిరగేసి పెట్టాలి.

అక్క ఆవలించింది. చెమట తుడుచుకుంది. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుంది. నమూనా పెట్టింది. గీసింది. కర్... కర్... కత్తిరించింది.

"చూడవే, సరిగ్గా ఉందా?"

చూశాను. రెండు ముక్కలు పక్కపక్కన పెట్టాను. మెరుపు పైకి. ఒకదాని మీద ఒకటి పెట్టాను. అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

సరిపోకూడదు. అద్దంలో బొమ్మలా ఎదురెదురుగా ఉండాలి.

రెండూ ఎడమ చేతులే.

ఒకదాన్ని తిరగేసి కుడదామంటే మెరుపు లోపలికి పోతుంది. అక్క నా ముఖం చూసింది, ముక్కలు చూసింది. స్టూలు మీద కూర్చుండిపోయింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు చేసే తప్పు అది. ఈ పనిలోకి రాని వాళ్ళకి చెయ్యడానికి కూడా చేతకాని తప్పు.

"నేను చెప్తాలే ఆవిడకి," అన్నాను. "నేనే కత్తిరించానని చెప్తాను."

"నా చెయ్యి చేసిన పనికి నీ నోరెందుకు?" అంది అక్క.

ఫోన్ తీసింది. అంకెలు నొక్కుతుంటే వేలు తప్పింది. మళ్ళీ నొక్కింది. లోపల అత్తయ్య వింటోంది. కిటికీ అవతల వీధి వింటోంది. అక్క గొంతు సవరించుకుంది.

"టీచరుగారూ... మీ చేతులు పాడుచేశానండీ."

అక్క అక్కడితో ఆగలేదు.

"రెండూ ఎడమవే కత్తిరించాను. బట్ట ఇంక లేదు. నేను... కంగారుకి మందు వాడుతున్నానండీ. కొత్త. చెయ్యి వణుకుతోంది, తల మబ్బుగా ఉంటోంది. అందుకే అని కాదు. తప్పు నాదే. మీకు తెలియాలని చెప్పాను."

చెప్పేసింది. ఇంట్లో వాళ్ళతో తప్ప ఎవరితోనూ అనని మాట. ఎవరైనా వింటే పిచ్చి అంటారేమోనని తలుపులేసుకుని గుసగుసగా అన్న మాట. పట్టపగలు, ఫోనులో, గట్టిగా.

మా అక్క ధైర్యం ఆ రోజు చూశాను. అందులో పొగరు లేదు, ఏడుపు ఉంది.

ఫోనులోంచి ఒక నవ్వు వచ్చింది. గదంతా వినిపించింది. పాడే గొంతు కదా.

"నాకున్నది ఒక్క ఎడమ చెయ్యేనమ్మా! రెండోదాన్ని ఎక్కడ తగిలించుకోను?"

అక్కకి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. అవతల టీచరు చెబుతోంది, చేతులకి వేరే రంగు బట్ట తెస్తానని, అదే బాగుంటుందేమోనని, కార్యక్రమానికి ఇంకా సమయముందని. ఆఖరున ఒక్క మాట...

"కత్తిరించేది మాత్రం మీరే."

*

అక్క ఫోన్ పెట్టేసింది. మాత్రల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇంక వేసుకోను."

"అక్కా..."

"తిట్టి ఉంటే బాగుండేదే. నవ్వింది. నన్నే కత్తిరించమంది. ఈ చేత్తోనా? నా కంగారే నాకు నయం. నా కంగారు ఏనాడూ రెండు ఎడమ చేతులు కత్తిరించలేదు."

మాత్రల డబ్బా వైపు చూశాను. నిజమే కదా. ఆ కంగారే ఆమెని ప్రతి గీతా రెండుసార్లు చూడమంది. ఊరు మెచ్చుకున్నది దాన్నే. దాన్ని తీసేస్తే కింద అక్క మిగులుతుందా, చెయ్యి తిరిగిన ఆ అక్క... ఆమె భయం అదీ. ఆ క్షణంలో నా భయమూ అదే.

"నేను ముందే చెప్పాను," అంది అత్తయ్య గుమ్మంలోంచి.

నాకు ఒళ్ళు మండింది. "మీరు ఊరుకోండి అత్తయ్యా," అన్నాను. పెళ్ళయ్యాక ఆవిడని అలా అనడం అదే మొదటిసారి. ఆవిడ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

అక్క వైపు తిరిగాను. "సరే. ఆపెయ్. ఆపేస్తే ఆ కత్తెర ఆగిపోయిన పొద్దుటికి వెళ్తాం. ఆ పొద్దున నీ కంగారే కదా నీ చెయ్యి పట్టుకుంది? అప్పుడు రెండు ఎడమ చేతులు కాదు... ఒక్క చెయ్యి కూడా రాలేదు."

అక్క డబ్బా మూత తీసి లోపలికి చూసింది. బయట గాలి లేచింది. బల్ల మీద నీలం ముక్కలు రెండూ ఒకేవైపుకి కదిలాయి.

అటు వెళ్ళనూ లేదు, ఇటు ఉండనూ లేదు. అలాంటి చోట మనిషి ఏం చేస్తుంది?

మా అక్క ఫోన్ తీసింది. డాక్టరమ్మకి తనే చేసింది. నేను చెయ్యమనలేదు. వణుకు సంగతి చెప్పింది, దడ సంగతి చెప్పింది, సిగ్గుపడకుండా రెండు ఎడమ చేతుల సంగతి కూడా చెప్పింది. ఆపేద్దామనిపిస్తోంది అని కూడా చెప్పింది. అవతల డాక్టరమ్మ విని, కంగారేం లేదు, సగం మీదే ఇంకొన్నాళ్ళు ఉందామంది. పొద్దున కాకుండా సాయంత్రం తిన్నాక వేసుకొమ్మంది. ఈ వణుకు చాలామందికి తగ్గుతుందని, తగ్గకపోతే ఇంకో దారి చూద్దామని చెప్పింది.

అక్క డబ్బా మూత పెట్టింది.

"ఇంకొన్నాళ్ళట," అంది.

"ఊఁ."

"చూస్తాను," అంది.

*

ఆ ఇంకొన్నాళ్ళు మా అక్క ఎలా గడిపిందో ఎవరూ చూడలేదు. చూడ్డానికి ఏముంది? ఒక మనిషి సాయంత్రం సగం మాత్ర వేసుకుంది. మర్నాడు లేచింది. మళ్ళీ వేసుకుంది. దీనికెవరు చప్పట్లు కొడతారు?

నేను కొట్టాను. మనసులోనే. ప్రతి సాయంత్రం.

కత్తెర పట్టుకోలేదు. పట్టుకోలేదని ఊరికే కూర్చోనూ లేదు. కత్తిరించడం నేను చూసుకున్నాను, నా వంకర టింకర చేత్తో. అక్క పాత బట్టలు ముందేసుకుంది. కుట్లు విప్పే పని. లావైన వాళ్ళవి వదులు చెయ్యడం, పొడుగైన వాళ్ళవి అంచులు దించడం.

అన్నీ తను కత్తిరించినవే.

ఒక గౌను నడుం విప్పింది. లోపల బట్ట బయటికి వచ్చింది. వస్తూనే ఉంది. రంగు వెలిసిపోకుండా, ఎండ తగలకుండా, కొత్తదానిలా. అక్క దాన్ని వేళ్ళతో చాపి చూసింది.

"ఇంత దాచానేంటే? ఇందులో ఇంకో పిల్లకి గౌనయ్యేది!"

ఇంకొకటి విప్పింది. అందులో ఇంకా ఎక్కువ. బేకరీ ఆవిడ జాకెట్టు విప్పితే, ఆవిడ కాదు కదా ఆవిడ అక్కచెల్లెళ్ళు కూడా అందులో పట్టేలా ఉంది. నవ్వడం మొదలెట్టింది అక్క. నవ్వుతూ విప్పింది, విప్పుతూ నవ్వింది. ఉన్నట్టుండి ఆగింది.

"ఇంత భయపడ్డానన్నమాట," అంది నెమ్మదిగా. ఆ బట్టని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. "పాపం."

ఎవరిని పాపం అందో నాకు అర్థమైంది. తనని. మొదటిసారి.

అత్తయ్య? అత్తయ్య మారిందని చెప్పను. మాత్రలంటే ఇప్పటికీ ముక్కు విరుస్తుంది. కానీ ఒక పొద్దున ముందుగదిలోంచి ఆవిడ గొంతు వినిపించింది. తొందరపెట్టడానికి వచ్చిన ఎవరినో గుమ్మంలోనే నిలబెట్టింది. "మా పెద్దకోడలికి ఒంట్లో బాగాలేదు. బాగయ్యాక కుడుతుంది. అంత తొందరైతే దుప్పటి చుట్టుకు తిరగండి!" అంది. ఆ తర్వాత సాయంత్రం అక్క మంచినీళ్ళ గ్లాసు పక్కన ఒక చిన్న పళ్ళెంలో రెండు బిస్కెట్లు కనిపించేవి. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. అడిగితే ఒప్పుకునే మనిషి కాదు.

కడుపు తిప్పడం కాస్త తగ్గింది. ఆవలింతలు పలచబడ్డాయి. ఒక పొద్దున అక్క కంచం ముందు కూర్చుని మొత్తం తినేసింది. తినేసినట్టు తనకే తెలియలేదు. నేను చెప్పలేదు. దిష్టి తగులుతుందేమోనని.

వణుకు మాత్రం ఉంది. సన్నగా... పక్కగదిలో మిషను నడుస్తున్నట్టు.

*

టీచరు బట్ట తెచ్చింది. మీగడ రంగు. పాడే రోజు దగ్గరికొచ్చేసింది.

ఆ పొద్దున మబ్బు లేదు. వెలుగు నేరుగా బల్ల మీదికి వచ్చింది. అక్క బట్ట పరిచింది. అరచేత్తో నిమిరింది. ఈసారి చాలినంత ఉంది కాబట్టి మడతపెట్టింది. లోపలివైపు లోపలికి, బయటివైపు బయటికి. నమూనా పెట్టింది. సుద్దతో కుట్టు గీత గీసింది. దాని పక్కనే టేపు పెట్టి కోత గీత గీసింది.

మూడో గీత కోసం నేను చూశాను. ఎందుకైనా మంచిది గీత.

గియ్యలేదు.

కత్తెర అందుకుంది.

చెయ్యి వణికింది. నాకు కనిపించింది. ఆమెకీ కనిపించింది. గుమ్మంలో అత్తయ్యకీ కనిపించే ఉంటుంది, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను కత్తిరిస్తానక్కా అనబోయాను. మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. దాన్ని మింగడం నా జన్మలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

వణుకు ఆగాక కత్తిరిద్దామని అక్క ఎదురుచూడలేదు. కత్తెర కింది రెక్కని బల్లకి ఆనించింది. గట్టిగా నొక్కింది. వణుకు చేతిలోంచి కత్తెరలోకి, కత్తెరలోంచి బల్లలోకి దిగింది. బల్ల చివర గుండీల డబ్బా గలగలమంది. సన్నగా.

కర్...

ఆగింది. వణుకు వచ్చింది. పోనిచ్చింది.

కర్...

ఆగింది.

డబ్బా గలగల.

కర్...

పాత నడక కాదు. పాత కత్తెర పరుగులు పెట్టేది. ఇది ఆగి ఆగి, చూసుకుని చూసుకుని, కొత్తగా నడక నేర్చుకున్నట్టు వెళ్తోంది. గీత మీద మాత్రం నూలుపోగు తప్పలేదు. చంక వంపు దగ్గర నా ఊపిరి ఆగిపోయింది. ఆమె ఊపిరి ఆగలేదు. వినిపిస్తోంది నాకు. లోపలికి... బయటికి... గొంతు దగ్గర ఆగకుండా.

ఎంతమందికి కత్తిరించిందో ఆ చెయ్యి. ఎన్ని పెళ్ళిళ్ళకి, ఎన్ని ఉద్యోగాలకి, ఎన్ని మొదటిరోజు బడులకి. అందులో ఏదీ ఇంత గొప్పగా కత్తిరించలేదు మా అక్క. అప్పుడు చెయ్యి ఆమె మాట వినేది. ఇప్పుడు వినని చేత్తో పని చేయిస్తోంది. నాకు గర్వంతో ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆఖరి కోత. ముక్క విడివడింది.

అక్క కత్తెర పక్కన పెట్టింది.

నేను కాచుకుని కూర్చున్నాను. చూడవే అంటుంది. సరిగ్గా ఉందా అంటుంది. ఉందక్కా అనడానికి నోరు సిద్ధంగా పెట్టుకున్నాను. ఇంకోసారి చూడవే అంటుంది, ఇంకోసారి చూస్తాను. అవసరమైతే పదిసార్లు చూస్తాను ఈ రోజు.

అక్క మంచినీళ్ళు తాగడానికి వెళ్ళింది.

అడగలేదు.

గ్లాసు ఎత్తుతుంటే చెయ్యి వణికింది, నీళ్ళు కాస్త ఒలికాయి. చీర మీద తుడుచుకుంది. తాగింది. కిటికీ దగ్గర నిలబడింది. వీధిలో ఏదో చూస్తోంది. ఏమీ లేదు వీధిలో. గాలి, ఎండ, అంతే.

నాకు కాలు నిలవలేదు.

లేచాను. మడత విప్పాను. ఒక ముక్క నా ఎడమ చేతికి చుట్టుకున్నాను, రెండోది కుడి చేతికి. వంపు ముందుకి వచ్చిందా... వచ్చింది. ఇటు? ఇటూ వచ్చింది. మడతపెట్టి కత్తిరించిన వాటికి తప్పు ఎలా వస్తుంది? రాదు. తెలుసు. అయినా వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి తిరగేసి చూశాను. మళ్ళీ చుట్టుకున్నాను. మళ్ళీ చూశాను.

"నీకెందుకే అంత కంగారు?"

కిటికీ దగ్గర్నుంచి. ఆవలిస్తూ.

ఆ మాట మా ఇంట్లో అందరం ఆమెని అన్నదే. అత్తయ్య అంది, బావగారు అన్నారు, నేను రోజూ అన్నాను. ఆమె ఇంకొకరిని అనగా నేను ఏనాడూ వినలేదు.

రెండు చేతులకీ మీగడ రంగు చేతులు చుట్టుకుని బల్ల దగ్గర అలాగే నిలబడిపోయాను. అత్తయ్య గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయింది, ముక్కు చీదుకుంటూ. అక్క గ్లాసు కింద పెట్టింది. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది.

"నిలబడ్డావేం? కుట్టు," అంది.